లక్ష్మణుడి వంతు నిద్ర



మా మాస్టారు వైద్య కళాశాలలో ఫిజియాలజీ చెప్పేవారు. వైవాలో ఆయన ధోరణే వేరు. ఫలానా గ్రంథి పనేమిటి అని అడిగేవారు కాదు. "దాన్ని తీసేశాం. ఇప్పుడేమవుతుందో చెప్పు" అనేవారు. పుస్తకం బట్టీ పట్టినవాళ్లు అక్కడే దొరికిపోయేవారు. ఇవాళ నేను ఎత్తుకున్న విషయానికి అంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు. నిద్రను తీసేశాం. విశ్రాంతిని మాత్రం ఉంచాం. ఇప్పుడేమవుతుంది?

ఇది ఊరికే వేసుకున్న ప్రశ్న కాదు. గంటసేపు యోగనిద్ర చేస్తే నాలుగు గంటల నిద్రతో సమానమన్న మాట నా దగ్గరికొచ్చే పేషెంట్ల నోట తరచుగా వింటున్నాను. మాదాపూర్‌లో అమెరికా వేళలకు పనిచేసేవాళ్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రి డ్యూటీ నర్సులు, అందరూ అడిగేది ఒకటే: రెండు గంటలు యోగనిద్ర చేస్తే ఎనిమిది గంటల నిద్ర చెల్లిపోతుందా, డాక్టరుగారూ?

ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఇవాళ మనం యోగనిద్ర అంటున్న పద్ధతికి రూపం ఇచ్చింది బీహార్‌లోని ముంగేర్‌లో యోగ విద్యాలయం నెలకొల్పిన స్వామి సత్యానంద సరస్వతి. 1976లో దాని మీద పుస్తకం వేశారు. తంత్రంలోని న్యాసం నుంచి, అంటే ఒక్కో అవయవం మీద మంత్రాన్ని నిలిపే క్రియ నుంచి, మంత్రం పక్కనపెట్టి అవయవాల వరసను తీసుకున్నారు. శవాసనంలో పడుకోవాలి. మనసులో ఒక సంకల్పం చెప్పుకోవాలి. కుడిచేతి బొటనవేలి నుంచి మొదలుపెట్టి, గొంతు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి ధ్యాస పోవాలి. తరవాత శ్వాస లెక్క, బరువు, తేలిక, వేడి, చలి, కొన్ని దృశ్యాలు, చివర మళ్లీ సంకల్పం. నిద్రపోకూడదన్నది నియమం. (ఆ నియమాన్ని సామూహిక తరగతుల్లో గురక తరచు భంగం చేస్తుందన్నది వేరే సంగతి.) అంతకు చాలా ముందే పాశ్చాత్యులకూ ఇలాంటివి ఉన్నాయి. షికాగోలో ఎడ్మండ్ జేకబ్‌సన్ కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతిని 1929లో పుస్తకంగా తెచ్చాడు. జర్మనీలో షుల్ట్స్ 1932లో మరొకటి తెచ్చాడు. ఇప్పుడు అమెరికాలో దీనికి 'నాన్ స్లీప్ డీప్ రెస్ట్' అని కొత్త పేరు పెట్టారు. సుందర్ పిచాయ్ తాను అది వింటానని 2022లో ఒక పత్రికకు చెప్పాక మన కుర్రాళ్లలోనూ దానికి గిరాకీ పెరిగింది.

ఒకటికి నాలుగు అన్న లెక్కకు కూడా ఒక మూలం ఉంది. 1970లో హిమాలయాల నుంచి వెళ్లిన స్వామి రామాను అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా పట్టణంలో, మెనింజర్ ఫౌండేషన్‌లో, ఎల్మర్ గ్రీన్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించాడు. తలకు తీగలు తగిలించి మెదడు విద్యుత్తును కొలిచారు. స్వామి పడుకున్నారు. కాసేపటికి సాధారణంగా గాఢనిద్రలో కనిపించే నెమ్మదైన డెల్టా అలలు వచ్చాయి. లేచాక, ఆ సమయంలో గదిలో ఇతరులు అన్న మాటలను చాలావరకు తిరిగి చెప్పారు. పావుగంట యోగనిద్ర మామూలు నిద్ర గంటతో సమానమని ఆయన అభిప్రాయం. ఇది నిజంగా ఆసక్తికరమైన ప్రయోగం, నేను తీసిపారెయ్యను. కానీ చూడండి, పరీక్షకు కూర్చున్నది ఒక్క మనిషి. కొలిచింది నిమిషాలు. సమానత్వం మాత్రం స్వామి నోటిమాట. దాన్ని యంత్రం కొలవలేదు.

యంత్రాలు కొలిచినవి కూడా ఉన్నాయి. 1971లో వాలెస్, బెన్సన్, విల్సన్ ముగ్గురూ ధ్యానంలో కూర్చున్నవాళ్లు వాడే ఆక్సిజన్ కొద్ది నిమిషాల్లోనే సుమారు 16 శాతం తగ్గిందని ప్రకటించారు. నిద్రలో గంటలు గడిస్తేగానీ అందులో సగం తగ్గదు. 'నిద్రకంటే లోతైన విశ్రాంతి' అనే నినాదానికి బలం వచ్చింది అక్కడే. 2002లో కోపెన్‌హేగన్‌లో యోగనిద్ర చేస్తున్న ఎనిమిదిమంది మెదళ్లను స్కాన్ చేస్తే ఒక భాగంలో డోపమిన్ విడుదల 65 శాతం పెరిగింది. లేచినవాళ్ల ముఖంలో కనిపించే ఆ తేటదనం ఒట్టి భ్రమ కాదని దానివల్ల తెలిసింది.

అయితే ఆక్సిజన్ తగ్గితే విశ్రాంతి అవుతుంది, నిద్ర ఎందుకవుతుంది? నిద్ర ఉన్నది శక్తిని ఆదా చెయ్యడానికే అయితే ఇంత చవక బేరం ఇంకొకటి లేదు. మంచం దిగకుండా రాత్రంతా మేలుకున్నవాళ్లకూ, అదే మంచం మీద నిద్రపోయినవాళ్లకూ తేడా కొలిస్తే సుమారు 130 కేలరీలు తేలింది. రెండు ఇడ్లీలు. రెండు ఇడ్లీల కోసం మనిషి తన ఆయుష్షులో మూడోవంతు కళ్లుమూసుకుని, శత్రువుకు దొరికిపోయేలా పడి ఉంటాడా?

ఇక్కడ మాస్టారి ప్రశ్నకు వస్తాను. షికాగో విశ్వవిద్యాలయంలో రెక్షాఫెన్ 1980లలో ఎలుకల మీద చేసిన ప్రయోగం అచ్చంగా అదే. నీళ్లమీద ఒక పళ్లెం. దానిమీద రెండు ఎలుకలు, మధ్యలో అడ్డుగోడ. మొదటి ఎలుక మెదడులో నిద్ర మొదలుకాగానే పళ్లెం తిరుగుతుంది. నడవకపోతే నీళ్లలో పడుతుంది. రెండోది కూడా అంతే నడుస్తుంది, కానీ మొదటిది మేలుకుని ఉన్నప్పుడు పళ్లెం ఆగుతుంది కాబట్టి అది కునుకు తీసుకోగలదు. తిండి రెండింటికీ ఉంది, నడక రెండింటికీ సమానం. నిద్ర కరువైన ఎలుకలు ఎక్కువ తిన్నాయి, అయినా చిక్కిపోయాయి, రెండు మూడు వారాల్లో దాదాపు అన్నీ చనిపోయాయి. పళ్లెం ఆగినప్పుడు కదలకుండా ఉండే వీలు వాటికీ ఉందని గమనించండి. కదలకుండా ఉండటం వాటిని కాపాడలేదు.

మనుషుల్లో ఇంత దూరం వెళ్లలేం. అయినా 1963 డిసెంబరు చివర్లో శాన్ డియాగోలో రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు స్కూలు సైన్స్ ప్రాజెక్టు కోసం 264 గంటలు మేలుకున్నాడు. చివరిరోజుల్లో నిద్ర శాస్త్రజ్ఞుడు విలియం డిమెంట్ వచ్చి పక్కనే ఉండి చూశాడు. తరవాత ఆ కుర్రాడు పద్నాలుగు గంటలు పైచిలుకు నిద్రపోయాడు. పోయిన గంటలన్నీ మళ్లీ తెచ్చుకోలేదు. గాఢనిద్రనూ కలల నిద్రనూ మాత్రం ఎక్కువ వంతు రాబట్టుకున్నాడు. అంటే శరీరం గంటలు లెక్కపెట్టదు. దానికి కావలసిన సరుకు వేరే ఉంది.

ఆ సరుకేమిటో కొంత తెలుసు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినొసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. కాఫీ ఆ ఒత్తిడిని తగ్గించదు, అది తెలియకుండా అడ్డుపడుతుంది. రాత్రి మొదటి భాగంలోని గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ విరివిగా విడుదలవుతుంది. పగలు నేర్చుకున్నది స్థిరపడేదీ నిద్రలోనే. రక్తపోటు దిగుతుంది. మెదడు నిద్రలో చెత్త కడుక్కుంటుందని 2013లో అమెరికా నుంచి వచ్చిన పరిశోధన చాలా పేరు తెచ్చుకుంది. 2024లో లండన్ వాళ్లు దానికి ఎదురు ఫలితం చూపారు, కాబట్టి దాన్ని ప్రస్తుతానికి సాక్షిగా పిలవను. అది లేకపోయినా వ్యాజ్యం నిలుస్తుంది.

డాల్ఫిన్‌ను పిలుస్తాను. అది నీళ్లలో ఉంటూ గాలి పీల్చాలి. ఒళ్లు తెలియకుండా నిద్రపోతే మునుగుతుంది. విశ్రాంతితో సరిపెట్టుకునే దారే ఉంటే పరిణామక్రమంలో ముందు దొరకవలసింది దానికే. అది దొరకలేదు. మెదడులో ఒక సగం నిద్రపోతుంటే మరో సగం మేలుకుంటుంది, తరవాత వంతులు మారతాయి. 1970లలో రష్యన్ శాస్త్రజ్ఞుడు ముఖమెతొవ్ ఈ సంగతి తేల్చాడు. సముద్రం మీద రోజుల తరబడి ఎగిరే ఫ్రిగేట్ పక్షులు కూడా గాలిలోనే రోజుకు ముప్పావుగంట లోపు నిద్ర తీస్తాయని 2016లో తెలిసింది. తగ్గించుకున్నాయి, పంచుకున్నాయి. ఎత్తెయ్యలేకపోయాయి.

ఈ సంగతి మన ఆడవాళ్లకు ముందే తెలుసునని నా అనుమానం. రామాయణం మీద తెలుగు స్త్రీలు పాడుకునే పాటల్లో 'ఊర్మిళాదేవి నిద్ర' ఒకటి. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు అడవిలో కన్ను మూయలేదు. అంతటి వీరుడికి నిద్రే అక్కర్లేదని కథ తేల్చేసి ఉండవచ్చు. దేవతలు, అవతారాలు ఉన్న కథలో అదేం పెద్ద విషయం? కానీ పాడిన ఆడవాళ్లు అలా వదల్లేదు. అయోధ్యలో ఊర్మిళను ఆ పద్నాలుగేళ్లూ నిద్రపుచ్చారు. ఇంట్లో ఎవరు ఎప్పుడు పడుకున్నారో, ఎవరు ఎవరి వంతు మేలుకున్నారో రోజూ చూసేవాళ్లు కట్టిన పాట అది. వనవాసం ముగిసి లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే ఆమె ఆయన్ని గుర్తుపట్టక, పరాయివాడనుకుని హెచ్చరిస్తుంది. ఇంకో పాట ఉంది, 'లక్ష్మణదేవర నవ్వు'. పట్టాభిషేకం అయ్యాక నిండుసభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. సభలో ప్రతివాళ్లూ తమలోని ఏదో లోపాన్ని చూసే నవ్వాడనుకుని ఉడుక్కుంటారు. అసలు సంగతి ఏమిటంటే, పద్నాలుగేళ్లు ఆగమన్న నిద్రాదేవి గడువు తీరగానే అక్కడికే వచ్చి నిలబడింది. ఊర్మిళ అన్నేళ్లు నిద్రపోయినా లక్ష్మణుడి ఖాతా మాఫీ కాలేదన్నమాట. నిద్ర బాకీ అనే మాట స్లీప్ మెడిసిన్ పుస్తకాల్లోకి రాకముందే మన పాటల్లో వసూలుకు వచ్చింది.

ఇక ధ్యానంలో నిజంగా ఏం జరుగుతోంది? 1976లో పగానో బృందం ఐదుగురు అనుభవజ్ఞులైన ధ్యానుల మెదడు అలలను రికార్డు చేసింది. ధ్యానం చేస్తున్నామని కూర్చున్న సమయంలో గణనీయమైన భాగం వాళ్లు నిద్రలో ఉన్నారు. ఒట్టి కునుకు కూడా కాదు, గాఢనిద్ర దశలు సైతం. ఒకే మనిషి ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా. వాళ్లు అబద్ధమాడారని కాదు. లోపలి నుంచి చూసుకునేవాడికి ఆ గీత కనపడదు, అంతే. ధ్యానం నిద్రకు సాటి వచ్చిన కొన్ని సందర్భాల్లో అది నిద్రే కాబట్టి సాటి వచ్చింది.

పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాల వాళ్లు 2022లో ప్రకటించినది ఇంకా సూక్ష్మమైనది. యోగనిద్ర చేస్తున్న మనిషి మొత్తంమీద మేలుకునే ఉన్నాడు, కానీ మెదడులో కొన్ని చోట్ల నిద్ర తాలూకు అలలు కనిపించాయి. 'స్థానిక నిద్ర' అన్నారు దాన్ని. స్వామి రామా డెల్టా అలలకూ, గదిలో మాటలు వినడానికీ మధ్య ఉన్న వైరుధ్యం ఇక్కడ కొంత వీడుతుంది. ఒక మూల నిద్రపోతోంది, మరో మూల కాపలా కాస్తోంది. ఇది నాకు చాలా అందమైన ఫలితంగా తోస్తుంది. కానీ ఆ మూల తీసిన కునుకు మొత్తం మెదడు రాత్రంతా చేసే పనికి బదులని ఎవరైనా అంటే, లెక్క చూపించమంటాను.

లెక్క చూపించడం అసాధ్యమేమీ కాదు. సాయంత్రం పడుకుని లేచినవాడికి ఆ రాత్రి గాఢనిద్ర అలలు తక్కువగా వస్తాయి, ఎందుకంటే బాకీలో కొంత అప్పుడే తీరింది. యోగనిద్ర నిద్రకు ప్రత్యామ్నాయమే అయితే, అది చేసిన రోజు రాత్రి కూడా ఆ అలలు తగ్గాలి. పుణే వాళ్లే 2023లో ప్రకటించిన చిన్న అధ్యయనంలో, కొత్తవాళ్లు రెండు వారాలు చేశాక, రాత్రి మధ్యలో మెలకువగా గడిపే సమయం తగ్గింది, గాఢనిద్రలో డెల్టా పెరిగింది. సాధన నిద్రను బాగుచేసిందని అర్థం. నిద్ర అవసరాన్ని తగ్గిస్తే కనిపించవలసిన గుర్తు అది కాదు.

ఎదుటిపక్షం దగ్గరున్న గట్టి సాక్ష్యం కూడా చెప్పాలి, లేకపోతే మాస్టారు ఒప్పుకోరు. 2010లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు, ధ్యానం కొత్తగా నేర్చుకున్న పదిమందికి తెర మీద గుర్తు కనపడగానే మీట నొక్కే పరీక్ష పెట్టారు. నలభై నిమిషాలు ధ్యానం చేసి లేవగానే పదిమందీ వేగంగా నొక్కారు. అంతే సమయం పగటి కునుకు తీసి లేచినప్పుడు నిద్రమత్తులో మందగించారు. రాత్రంతా నిద్ర లేకుండా ఉన్న రోజున కూడా ధ్యానం తరవాత వేగం పెరిగింది. ఇంకా, ఏళ్లుగా ధ్యానం చేస్తున్నవాళ్లు రోజుకు సగటున 5.2 గంటలే నిద్రపోతున్నారు. ధ్యానం చెయ్యని వాళ్లు 7.8 గంటలు.

ఈ రెండు అంకెలే అన్ని ప్రసంగాల్లోనూ తిరుగుతుంటాయి. మూడో అంకె ఎవరూ చెప్పరు: ఆ సాధకులు రోజుకు రెండు మూడు గంటలు ధ్యానంలో కూర్చునేవాళ్లు. కలపండి. 5.2కు రెండున్నర కలిపితే 7.7 వస్తుంది. ఆదా ఏదీ? మిగిలిన ఆరు నిమిషాల కోసమా ఇదంతా? పైగా సాధకుడి బతుకు వేరు. ఆయనకు ఉదయం తొమ్మిదికి మీటింగు లేదు, చేతిలో స్టీరింగు లేదు. తక్కువ నిద్రతో సహజంగా నెగ్గుకొచ్చేవాళ్లే ఏళ్లతరబడి అలాంటి సాధనలో నిలబడి ఉండవచ్చు కూడా. అసలు ఆ అధ్యయనం చేసినవాళ్లే, ధ్యానం నిద్ర బాకీ తీరుస్తుందా లేదా అన్నది ఇంకా తేలాలని రాసుకున్నారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వాన్ డాంగెన్ బృందం ఆరోగ్యవంతులను పద్నాలుగు రాత్రుల పాటు నాలుగు, ఆరు, ఎనిమిది గంటల చొప్పున పడుకోబెట్టింది. ఆరు గంటలవాళ్ల తప్పులు రోజురోజుకూ పెరిగి, చివరికి ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివాళ్ల స్థాయికి చేరాయి. మరి వాళ్లకు ఎలా అనిపించింది? కొద్దిగా మగతగా ఉంది, అలవాటైపోయింది, పరవాలేదు అన్నారు. పరవాలేదని తీర్పు చెప్పేది ఏ అవయవం? నిద్ర చాలక దెబ్బతిన్న ఆ మెదడే. యోగనిద్ర బాగా చేసేది ఆ అనిపించడాన్ని బాగుచెయ్యడం. మనసు తేరుకుంటుంది, ఒళ్లు తేలికవుతుంది, విసుగు తగ్గుతుంది. నిజమైన మేలే. కానీ నిద్ర బాకీ ఉన్నవాడికి ఆ బాకీని తెలియజేసే గంట కూడా ఆ అనిపించడమే. దాన్ని మోగకుండా చేసి స్టీరింగు ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సులో డ్రైవరు మూడు సెకన్లు కన్నుమూస్తే బండి అరవై అయిదు మీటర్లకు పైగా ఎవరి చేతుల్లోనూ లేకుండా పోతుంది.

మన పాత గ్రంథాలు ఇందులో ఎటువైపున్నాయని అడుగుతారు. గీత ఆరో అధ్యాయం అతిగా నిద్రపోయేవాడికీ, బొత్తిగా మేలుకునేవాడికీ ఇద్దరికీ యోగం కుదరదంటుంది. మాండూక్యం గాఢనిద్రను ఒక స్థితిగా గౌరవించి, దాన్ని దాటిన మరోదాన్ని వెతుకుతుంది. వాళ్లు వెతికింది జ్ఞానం. రోజుకు నాలుగు గంటలు మిగుల్చుకుని వాటిని ఆఫీసుకు అప్పగించే ఆలోచన వాళ్లది కాదు. అది మనది. యోగాన్ని ఆ పనికి కూలికి పెట్టింది మనమే.

ఇంతా చెప్పాక, నా దగ్గరికొచ్చే పేషెంటుకు నేను ఏం రాసిస్తానో చెప్పి ముగిస్తాను. రాత్రి డ్యూటీ నర్సుకు డ్యూటీ మధ్యలో ఇరవై నిమిషాల యోగనిద్ర మంచిదే అంటాను, ఇంటికెళ్లి చీకటి గదిలో పడుకునే ఆరేడు గంటలను మాత్రం దానికి బదులియ్యనివ్వను. ఎనిమిది గంటలు పడుకున్నా తీరని అలసటకు యోగనిద్ర వెతుక్కునేవాడిని గురక ఉందా అని ముందు ఇంట్లోవాళ్లను అడుగుతాను; ఉంటే పరీక్షకు పంపుతాను. డ్రైవరును బండి ఆపి పడుకోమంటాను. లేచాక మత్తు వదిలేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి, టీ తాగి బయల్దేరమంటాను.

చిక్కంతా నిద్రపట్టనివాళ్లతోనే. తెల్లవారుజామున మూడింటికి గడియారం చూస్తూ, ఇంకా మూడు గంటలే ఉంది, రేపు నా పని అయిపోయింది అని గుండె దడతో పడుకున్నవాళ్లు. వాళ్లకు నిద్రను దూరం చేసేది ఆ భయమే. నిద్ర రాకపోయినా పరవాలేదు, ఇలా కదలకుండా శ్వాస చూసుకుంటూ పడుకున్నా సరిపోతుంది అని నమ్మిన మరుక్షణం భయం సడలుతుంది, చాలామందికి నిద్ర వచ్చేస్తుంది. 2021లో మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనంలో, దీర్ఘకాలపు నిద్రలేమికి వాడే మాటల చికిత్స పక్కన యోగనిద్రను పెట్టి చూస్తే అదీ మేలు చేసింది. అంటే ఇంతసేపూ నేను తప్పని వాదించిన ఆ మాటే, ఈ మనిషి చెవిన మూడు గంటలకు పడితే మందు. మొన్నొక పెద్దావిడ, "పడుకుని నామం చెప్పుకుంటే నిద్రపోయినంత ఫలమేగా బాబూ?" అని అడిగింది. ఆమె బస్సు నడపదు. "అంతేనమ్మా, చెప్పుకుంటూ ఉండండి" అన్నాను.